నూటికి పద్దెనిమిది

జనవరి 12

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే మూడో మాటకి నువ్వు నన్ను సరిదిద్దుతావు, నాలుగో మాటకి నేను పెట్టేస్తాను. అందుకని రాస్తున్నాను. నా కోడిగీతలు చూసి మొహం చిట్లించకు.

నాన్న గది ఖాళీ చేస్తున్నాను. ఆయన పోయి రెండు నెలలు కాలేదు, ఇంటివాడు నెలాఖరుకి తాళం ఇమ్మంటున్నాడు. ఛీ, ఏం కంపురా అది! బల్ల సొరుగు లాగితే జిగురు సీసా పగిలి గడ్డకట్టి, అందులో బొద్దింకలు కాళ్ళు చాచి అతుక్కుపోయి ఉన్నాయి. పాత స్టాంపుల వెనక గుడ్లు పెట్టాయి. పాతికేళ్ళుగా ఆస్పత్రిలో మందుల కిటికీ వెనక కూర్చుని ఎన్ని చూశాను! నేనే ముక్కుకి కొంగు కట్టుకోవాల్సొచ్చింది. మనిషి మాత్రం మడత నలగని చొక్కా వేసుకుని తిరిగేవాడు.

అసలు సంగతికొస్తా. అడుగు సొరుగులో నూనెగుడ్డలో చుట్టి పద్నాలుగు నోటుపుస్తకాలు దొరికాయి. నాన్న రాతే. అచ్చు గుద్దినట్టుండే ఆ అక్షరాలు ఇంకెవరివి? కానీ ఒక్క మాటకీ అర్థం లేదు. అక్షరాలు తెలుగే, భాష మాత్రం ఏదో తెలియదు. ఒక పుస్తకంలో ప్రతి పేజీ మీదా ‘కిమ్మి’ అని, పక్కన ఒక అంకె. కిమ్మి 12. కిమ్మి 9. కిమ్మి 14. ఎవర్రా ఈ కిమ్మి?

తొందరెందుకంటే, నాన్న పనిచేసిన తపాలా ఆఫీసులో ఆయన ఫొటో పెడతారట. ఇప్పటి సూపరింటెండెంటు ఒకప్పుడు నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడు. “ఎవరికీ అర్థంకాని చిరునామా ఆయన చేతిలో పడితే చాలమ్మా, ఉత్తరం ఇంటికి చేరినట్టే” అని ఆస్పత్రికొచ్చి మరీ కళ్ళు తుడుచుకున్నాడు. మార్చి ఆఖర్లో సభ. ఆ నోటుపుస్తకాల్లోంచి నాలుగు మంచి ముక్కలు తీసి చిన్న పుస్తకం వేస్తారట. వెయ్యేళ్ళ నాటి రాళ్ళు చదివేవాడివి, కన్నతండ్రి రాత చదవలేవా? రెండు పేజీలు నకలు తీసి పంపిస్తున్నాను.

తుమ్ముతూ,
అక్క

జనవరి 21

అక్కా,

నీ ఉత్తరం అందింది. అందులో మూడు మాటలు ఎంత చూసినా అర్థం కాలేదు, ఊహించుకున్నాను. మందు సీసాల మీద కూడా ఇలాగే రాస్తావా?

ఇక్కడ నా బతుకు కూడా రోతగానే ఉంది. ఒక రాయి దొరికింది. దాని మీద స్పష్టంగా ‘ఈ బావి దగ్గర పశువుల్ని కడగరాదు’ అని ఉంది. మా పెద్దాయనకి అది నచ్చలేదు. ఒక రాజు పేరూ ఆయన చేసిన దానమూ కావాలట. “మళ్ళీ చూడవయ్యా, ఆ గీత కింద ఇంకో అక్షరం ఉందేమో” అంటాడు. లేనిది ఎలా చూడను? కానీ వ్యాసంలో దానమే రాయించుకున్నాడు. కింద నా పేరు కూడా వేశాడు.

నాన్న పేజీలు చూశాను. ఇది భాష కాదు, గుప్తలిపి. నాకు మొదట కళ్ళబడింది ‘ఙ’. బడిలో నేర్చుకున్న రోజే మనందరం మర్చిపోయే అక్షరం అది. నాన్న ప్రతి వాక్యంలోనూ వాడాడు. తెలుగులో అంత తరచుగా వచ్చే వేరే అక్షరానికి బదులుగా దీన్ని కూర్చోబెట్టాడన్నమాట. రెండు పేజీలూ ‘అచ్చా’ అనే మాటతో మొదలవుతున్నాయి, మెచ్చుకోలేమో తెలియదు. ఏమైనా, ఇంత చక్కగా అల్లాడంటే ఆయన్ని మెచ్చుకోవాల్సిందే.

ఆ కిమ్మి పుస్తకం మొత్తం పంపు. పది రోజులు చాలు.

తమ్ముడు

జనవరి 30

ఒరేయ్,

పుస్తకం పంపిస్తున్నాను. పంపేముందు అంతా తిరగేశాను. నలభై ఒక్క పేజీలు, నలభై ఒక్కసార్లు కిమ్మి. అంకెల్లో ఒక్కటీ ఇరవై రెండు దాటలేదు. నాకిప్పుడు తెలిసిపోయింది. అవి గంటలు. రైళ్ళ గడియారం లెక్కన పద్నాలుగంటే మధ్యాహ్నం రెండు, పద్దెనిమిదంటే సాయంత్రం ఆరు. “సాయంత్రం డ్యూటీ పడింది” అని అమ్మకి చెప్పి ఆయన ఎక్కడికెళ్ళేవాడో మనకేం తెలుసు? అమ్మ ఆ చొక్కాలు ఇస్త్రీ చేసి పంపేది. తలుచుకుంటే ఒళ్ళు చీదరేస్తోంది.

ఇంకో చీదర. ఆస్పత్రికి నా పేరున ఒక కార్డొచ్చింది. మన పిన్ని రాసింది, “బావగారు పోయారని తెలిసింది” అని. అక్షరాలు చీమలు సిరాలో పడి లేచి నడిచినట్టున్నాయి. చింపి బుట్టలో వేశాను. దర్జీని ఇష్టపడి చేసుకుందని ఇంట్లో రాకపోకలు లేకపోతే లేకపోయాయి, సొంత అక్కకి ఒక్క ముక్క రాయడానికేం? అమ్మ ప్రతి వారం అడిగేది, “చెల్లి దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా” అని. అమ్మ పోయాక ఊడిపడింది. “బతికుండగా ఒక్క ముక్క రాయనిదానివి, శవాన్ని చూడ్డానికొచ్చావా?” అని గేటు మూసేశాను. ఆరేళ్ళైంది. ఇప్పటికీ తప్పు చేశాననిపించదు.

కిమ్మి సంగతి తేలగానే రాయి. ఎంత రోతైనా సరే.

అక్క

ఫిబ్రవరి 9

అక్కా,

చదివాను. ఆఫీసు పని గురించిన రాతలు. సభవాళ్ళ పుస్తకానికి పనికిరావు. కిమ్మి అనే మనిషి లేదు, నీ గంటల లెక్క తప్పు. మిగతా పదమూడు పుస్తకాలూ కాల్చేయ్. సభకి నేను రావడం లేదు, ఆరోగ్యం బాగాలేదని చెప్పు.

తమ్ముడు

ఫిబ్రవరి 15

ఏరా,

నేనేమన్నా చిన్నపిల్లనా? ‘ఆఫీసు రాతలు’ట, వాటిని కాల్చేయాలట! ఆఫీసు రాతలు నూనెగుడ్డలో చుట్టి దాస్తారా ఎవరైనా?

నాకర్థమైంది. కిమ్మి ఉంది. ఆవిడకో పిల్లో పిల్లాడో కూడా ఉండే ఉంటారు. మగాడు మగాణ్ణి వెనకేసుకొస్తున్నాడు, అంతే. అమ్మ గుర్తురాలేదా నీకు? ఆయన పరువు నీకంత ముద్దా?

నా ఉద్యోగం ఏంటో నీకెప్పుడూ పట్టలేదు కాబట్టి చెప్తున్నా. మా డాక్టర్ల రాత నాన్న చూసి ఉంటే మూర్ఛపోయేవాడు. రోజుకి మూడువందల చీటీలు. ఒక్క అక్షరం అనుమానమొచ్చినా చీటీ పట్టుకుని రెండంతస్తులు ఎక్కివెళ్ళి, “డాక్టరుగారూ, ఇదేంటండీ?” అని అడుగుతాను. వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. నేను ఊహించుకుంటే అవతల మనిషి పోతాడు. నువ్వు నా గురించి ఊహించుకుని, ‘అక్క తట్టుకోలేదు’ అని తీర్మానించేశావు. నన్నడిగావా?

ఏది రాసి ఉంటే అది పంపు. లేకపోతే నేనే వచ్చి నీ ఆఫీసులో కూర్చుంటాను.

అక్క

ఫిబ్రవరి 23

అక్కా,

కూర్చుని చదువు.

గుప్తలిపి చాలా తేలిక. మనం బడిలో వల్లించిన ఐదు వరుసల్నీ నాన్న ఒక్కో మెట్టు జరిపాడు. క బదులు చ, చ బదులు ట, ట బదులు త, త బదులు ప, ప బదులు మళ్ళీ క. వరుస చివరి ముక్కు అక్షరాలు కూడా అంతే: న బదులు మ, మ బదులు ఙ. అందుకే ‘అమ్మ’ రాస్తే ‘అఙ్ఙ’ అయింది. ‘అచ్చా’ మెచ్చుకోలు కాదు, ‘అక్కా’ అనే పిలుపు.

‘కిమ్మి’ని నువ్వే వెనక్కి జరిపి చూడు. క తీసి ప పెట్టు, మ తీసి న పెట్టు.

పిన్ని.

పిన్ని అమ్మకి నలభై ఒక్క ఉత్తరాలు రాసింది అక్కా. పదకొండేళ్ళు రాసింది. చిన్నప్పుడు బడికి వెళ్ళలేదు కదా, బాబాయి దగ్గర ముప్పైయ్యో ఏట అక్షరాలు నేర్చుకుని రాసింది. చిరునామా ఎవరికీ అర్థంకాక ప్రతి ఉత్తరమూ నాన్న బల్ల మీదికే వచ్చింది. మన ఇంటి చిరునామా. దాన్ని ఆయన చదవలేకపోయాడా? లోపలిది మొత్తం చదివాడు. గుప్తలిపిలో పొల్లు పోకుండా ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత ‘చిరునామా చదవడానికి వీలుకాలేదు’ అని ముద్ర కొట్టి చించేశాడు. ఆ మాట కూడా ఆయనే ప్రతి పేజీ అడుగున రాసుకున్నాడు.

అంకెలు గంటలు కావు. మార్కులు.

రెండు పేజీలు రాస్తున్నాను, ఇంకా రాయడం నా వల్ల కాదు.

“అక్కా. పాపకి ఒంట్లో బాగోలేదు. మూడు రోజుల నుంచి పాలు తాగట్లేదు. నువ్వు ఇద్దర్ని పెంచావు నీకు తెలుసు. ఒకసారి వస్తావా. రాలేకపోతే ఏం చెయ్యాలో రాయి.” కింద నాన్న: “నూటికి పద్నాలుగు. వ, ప ఒకేలా ఉన్నాయి.”

దాని తర్వాతిది. “అక్కా. పాప పోయింది. ఇంక నువ్వు రాకపోయినా పర్లేదు. ఊరికే చెప్దామని రాశాను.” కింద: “నూటికి పద్దెనిమిది. వాక్యాలు చిన్నవి, అందుకే తప్పులు తగ్గాయి.”

చివరి పేజీలో ఇరవై రెండు. “ఈ మధ్య రావడం లేదు. ఇంకొన్నేళ్ళు రాసి ఉంటే కుదిరేది” అని బాధపడ్డాడు.

ఎందుకు చేశాడంటావా? ఒకచోట రాసుకున్నాడు: “రాత చేతకానివాళ్ళు రాయకూడదు. రాస్తే నష్టపోవాలి. అప్పుడే నేర్చుకుంటారు.” మన వేళ్ళ కణుపుల మీద స్కేలుతో కొడుతూ ఈ మాటలే అనేవాడు, గుర్తుందా? మిగతా పదమూడింటిలో ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలు ఉండి ఉంటాయి. అందుకే కాల్చమన్నాను. నీ మీద జాలితో కాదు. నాకు రోతపుట్టి. నాకొచ్చిన ఈ విద్య ఆయన నేర్పిందే కదా. నా చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నానో.

తమ్ముడు

మార్చి 2

తమ్ముడూ,

చదివాను. మళ్ళీ చదవలేను.

అమ్మ రాత బాగోదని ఆయన వెక్కిరిస్తే, అమ్మ కలం పట్టడమే మానేసింది. చెల్లికి రాయాలంటే ఆయనకి చెప్పి రాయించుకునేది. “రాసి పోస్టు చేశాలే” అనేవాడు. నేను పక్కనే ఉండేదాన్ని. ఆయన పక్కన నిలబడి, కాగితం మీద ఆ అక్షరాలు ఎంత బాగున్నాయో అని చూసేదాన్ని.

ఆ గేటు మూసిన చెయ్యి నాది. ఆయన్ని తిట్టాలని నోరు తెరిస్తే నా మాటలే నాకు వినపడుతున్నాయి. నా మీద నాకే అసహ్యమేస్తోంది. కార్డు చింపి వేసిన బుట్టలో వెతికాను. నెల దాటింది, ఎప్పుడో ఊడ్చేశారు.

పిన్నికి నువ్వు చెప్పకు. నేను వెళ్తాను. గేటు దగ్గర అన్న మాటకి నా నోటితో నేను చెప్పుకోవాలి. ఆ పుస్తకంలో ఆవిడ చిరునామా ఉంటే పంపు.

మిగతా పుస్తకాలు కాల్చలేదు, కాల్చను.

అక్క

మార్చి 9

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ‘పిన్నికి నువ్వు చెప్పు’ అన్నావు కదా, నాకూ అదే సరైనదనిపించింది. నలభై ఒక్క ఉత్తరాలూ మామూలు తెలుగులోకి మార్చి, టైపు చేసి, పైన నాలుగు మాటలు రాసి మొన్ననే రిజిస్టరు పోస్టులో పంపాను. ఒక్క అక్షరం వదల్లేదు. మా పెద్దాయనలాగా ఉన్నది మార్చే పాపం నేను చెయ్యలేదు.

వెనకాల చిరునామా ఇస్తున్నాను. ఇన్నేళ్ళైనా అదే ఇల్లని అక్కడి పోస్టాఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆవిడకి కాస్త సమయమిచ్చి వెళ్ళు.

ఎన్నో రోజుల తర్వాత నిద్రపట్టింది.

తమ్ముడు

మార్చి 18

ఒరేయ్ మహా పండితుడా,

‘చెప్పకు’ అని రాశాన్రా. చెప్పకు! ‘క’ కనబడలేదా నీకు? అరిగిపోయిన రాళ్ళ మీద అక్షరాలు కనబడతాయి, అక్క రాసిన ‘క’ కనబడదు. అనుమానమొస్తే అడగాలి. నీకు అనుమానమే రాలేదు, అదీ రోగం. ఆ మనిషి కొడుకువి కాకపోతే కదా!

ఆదివారం వెళ్ళాను. ముందు గదిలో కుట్టుమిషను, నేలంతా గుడ్డపీలికలు. బాబాయి పోయి నాలుగేళ్ళైందట. మనకి తెలియదు. పిన్ని మిషను ఆపకుండానే నన్ను చూసింది.

“మీ తమ్ముడు పంపినవి అందాయి” అంది. “బాగా టైపు చేశాడు. ఒక్కోదానికి నాకెన్ని మార్కులొచ్చాయో కూడా వేశాడు.”

మార్కులు కూడా ఎక్కించి పంపావట్రా! ఒక్క అక్షరం వదల్లేదని మురిసిపోయావే! పిల్ల పోయిన ఉత్తరం కింద ‘తప్పులు తగ్గాయి’ అని టైపు చెయ్యడానికి నీ వేళ్ళెలా ఆడాయి? ఆయన ఒకసారి వేశాడు, నువ్వు రెండోసారి వేశావు.

“పిన్నీ, గేటు దగ్గర నేనన్న మాట...” అన్నాను.

“అన్నావు. గుర్తుంది” అంది. క్షమించానని అనలేదు. అనాలని నేనూ అనుకోలేదు.

ఆ కుట్టు పూర్తిచేసి మిషను ఆపి, “అక్క నన్ను తిట్టుకునేదా?” అని అడిగింది.

“లేదు. ‘దానికి నా మీద ఏదో కోపమొచ్చింది, ఏంటో చెప్తే బాగుణ్ణు’ అనేది.”

పిన్ని తల తిప్పుకుంది. తర్వాత కత్తెర తీసి నా చేతిలో పెట్టింది. ప్రతి కాగితం అడుగునా మీ పండితులు వేసిన మార్కులు కత్తిరించమంది. నలభై ఒక్క కాగితాలు. ఆ ముక్కల్ని గుడ్డపీలికలతో కలిపి ఊడ్చేసింది. అప్పుడు, “ఇంక చదువు. రాయడానికి ఒక్కోటి వారం పట్టేది. ఎవరైనా చదివితే ఎలా ఉండేదో నేనెప్పుడూ వినలేదు” అంది.

చదివాను. ఒక ఉత్తరంలో ఆవిడే ఏదో తమాషా రాసుకుంది, అక్కడ నవ్వింది కూడా. పాప ఉత్తరం దగ్గర కాగితం పక్కన పెట్టబోయాను. “ఆగకు” అంది. ఆగలేదు.

వచ్చేటప్పుడు సభ సంగతి నా నోరు జారింది. “ఏ రోజు? నేనొస్తాను. ఫొటో చూస్తాను” అంది. నేను మాత్రం రాను. ఆ హాల్లో అడుగుపెడితే అక్కడే కక్కుకుంటాను. నువ్వు వెళ్ళి పిన్నిని తీసుకెళ్ళు. నువ్వు చెయ్యాల్సినవాటిలో ఇది మొదటిది.

అక్క

మార్చి 31

అక్కా,

నువ్వు తిట్టిన ప్రతి తిట్టూ నాకు చెందినదే. ఉన్నది ఉన్నట్టు ఎక్కించడమే నిజాయితీ అనుకున్నాను. ఎవరి కోసం ఎక్కిస్తున్నానో ఆలోచించలేదు. పిన్నికి అదే చెప్పాను. “సరేలే, సంచి పట్టుకో” అంది.

సభ అయింది. ఫొటో ఎక్కించలేదు, అలాగని తీసెయ్యనూ లేదు. నేను వచ్చేసేసరికి మూలన గోడకి ఆనించి ఉంది. మిగతా నోటుపుస్తకాలు ‘భద్రపరుస్తాం’ ఇమ్మని సూపరింటెండెంటు రెండుసార్లు అడిగాడు. ఇవ్వనన్నాను. అవి నాకు పంపు. ఆ ఉత్తరాలు ఎవరివో, ఎవరికి చేరాలో తెలుసుకోవడమే ఇక నా పని. బయటికొస్తుంటే ఒకప్పుడు అక్కడ ఉత్తరాలు విడదీసి రిటైరైన ముసలాయన ఒకడు నన్ను ఆపి మెల్లగా అన్నాడు: “మాకు తెలుసు బాబూ, ఆయన చదివి చించేవాడని. రాత బాగుండేది కదా, రిపోర్టులన్నీ ఆయనే రాసిపెట్టేవాడు. ఎవరు అడుగుతారు?” పిన్ని సంచి పట్టుకుని ఆగకుండా నడిచాను.

ఇక జరిగింది చెప్తాను.

ఉత్తరాలు విడదీసే హాల్లోనే కుర్చీలు వేశారు. ముగ్గురు మాట్లాడారు. ‘ఏ రాతనీ తక్కువచేసి చూడని మహానుభావుడు’ అన్నారు. పిన్ని కదలకుండా విన్నది. చివర్లో రిజిస్టరు తిప్పారు, వచ్చినవాళ్ళు ఆయన గురించి రెండు మాటలు రాయాలని. పిన్ని దగ్గరికి రాగానే కలం తీసుకుంది. చాలాసేపు రాసింది. వెనకాలవాళ్ళు సణిగారు. ఒకాయన “ఏదో ఒకటి గీసిచ్చెయ్యమ్మా” అన్నాడు. ఆవిడ తలెత్తలేదు.

సూపరింటెండెంటు రిజిస్టరు అందుకుని పైకి చదవబోయాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. దగ్గరగా పెట్టాడు, దూరంగా పెట్టాడు. నవ్వుతూ, “ఇలాంటిది చదవాలంటే మా గురువుగారే ఉండాలి!” అన్నాడు. హాలంతా నవ్వింది.

పిన్ని లేచి నిలబడింది.

“మీ గురువుగారు చదివాడు నాయనా. నలభై ఒకటి చదివాడు. ఇది నలభై రెండోది. మీరు చదవండి, మీ పనే కదా.”

నవ్వు ఆగిపోయింది. ఆయన రిజిస్టరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను లేచాను. ఒక్కో అక్షరం వేలు పెట్టి చూసుకుంటూ చదివాను:

“నా బిడ్డకి బాగాలేదని మా అక్కకి ఉత్తరం రాశాను. అది ఈ గదిలో ఆగిపోయింది. నా బిడ్డ పోయింది. మా అక్క...”

అక్కడ సిరా పాకింది. ‘తెలి’ వరకు కనబడుతోంది, ఆ తర్వాత మరక, దాని తర్వాత ‘రాలేదు’. తెలిసి రాలేదనీ చదవచ్చు, తెలియక రాలేదనీ చదవచ్చు. హాల్లో అందరూ నా మొహమే చూస్తున్నారు. నేను వంగి అడిగాను.

“పిన్నీ, ఇది తెలిసినా, తెలియకనా?”

“తెలియక” అంది, వెనక వరుసవాళ్ళకి కూడా వినపడేలా.

అలాగే చదివాను.

తమ్ముడు